ఇనుప తల మీద గుండ్రటి మచ్చ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ తలుపు కాస్త ఓరగా వేయండి, గాలికి మాట చెదిరిపోతుంది. మనం రోజూ చూస్తూ కూడా చూడని ఇనుప ముక్క ఒకటుంది రోడ్డు పక్కన. దాని మూలాన ఒక ప్రాణం పోయింది, ఒక కాపురం దారప్పోగు మీద వేలాడింది. ఆ సంగతి ఒక్కరోజులో ఎలా బయటపడిందో చెప్తాను, వినండి.

రోడ్ల శాఖలో ప్రమాదాల విచారణ చూసే ఒకామె ఉంది. ఆఫీసులో అందరూ ఆమెను జల్లెడ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, ఆమె కూడా పలకడం మొదలుపెట్టింది. ఎన్ని మాటలు తెచ్చి పోసినా ఆమె అటూ ఇటూ ఆడించి, మెత్తనిదంతా కిందికి పోనిచ్చి, పైన మిగిలిన రాయిని వేళ్ళతో పట్టుకుని "ఇదేమిటి?" అని అడిగేది. అంతే ఆమె పని.

ఆ ఉదయం జల్లెడ ముందు ఆసుపత్రికి వెళ్ళింది. మంచం మీద ఉన్నవాడు బ్రెడ్డు వ్యాను నడిపే డ్రైవరు. కుడికాలు మోకాలి కింద లేదు. నాలుగు రోజుల క్రితం పొద్దున్నే కొత్త రోడ్డు మీద వాడి వ్యాను ముందు టైరు పేలి, బండి పక్కకి లాగి, ఇనుప రెయిలింగు చివరకి గుద్దుకుంది. ఆ రెయిలింగు వ్యాను ముందు భాగంలోంచి దూసుకొచ్చింది. పక్క సీట్లో కూర్చున్న వాడి బామ్మర్ది, అంటే భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు, అక్కడికక్కడే పోయాడు. డ్రైవరు నిద్రపోయాడని పోలీసులు అంటున్నారు. ఆ సాయంత్రానికల్లా అదే రాసి కేసు కోర్టుకి పంపేస్తారు.

జల్లెడ కుర్చీ లాక్కుని కూర్చుంది. పలకరింపులూ పరామర్శలూ ఏమీ లేవు.

"నిద్రపోయావా?"

"లేదమ్మా."

"అందరూ అదే అంటారు నాయనా."

"అందరి బామ్మర్దులూ పక్కన కూర్చుని పాటలు పాడరమ్మా. వాడు పాడుతుంటే ఎవడికీ నిద్ర పట్టదు. అంత ఘోరంగా పాడేవాడు." అని నవ్వబోయి, మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అతను కుదుటపడేదాకా ఆగి, ఆమె ఒక్కొక్కటే లాగింది. టైరు పేలినప్పుడు బండి మామూలు వేగంలోనే ఉందట. స్టీరింగు మాట వినలేదట. ఎదురుగా రెయిలింగు చివర కనిపిస్తే భయపడకపోగా, అమ్మయ్య, ఇది ఆపుతుందిలే అనుకున్నాడట. ఆ తర్వాత ఏం చూశావని అడిగితే పైకప్పు కేసి చూస్తూ చెప్పాడు.

"అది ముడుచుకోలేదమ్మా. సూదిలోకి దారం ఎక్కించినట్టు తిన్నగా లోపలికి వచ్చింది."

ఈ రాయి జల్లెడలో మిగిలిపోయింది. ఎందుకంటే ఆ ఇనుము ముడుచుకోవాలి. అది ఎలాగో చెప్తాను, చాలా తేలిక. రోడ్డు పక్క రెయిలింగు అలలు అలలుగా వంచిన పొడుగాటి రేకు కదా. ఉత్త రేకు చివరని అలాగే వదిలేస్తే గుద్దిన బండికి అది బల్లెమే. అందుకని చివర ఒక ఇనుప తల తొడుగుతారు. బండి వచ్చి ఆ తలని గుద్దితే, తల రేకు పొడుగునా వెనక్కి జారుతూ, రేకుని తన గొంతులోంచి మింగి, చదును చేసి, పక్కకి చుట్టలు చుట్టి పారేస్తుంది. పెన్సిలు చెక్కితే పొట్టు వంకీలు తిరిగి పడుతుందే, అలాగ. అలా మింగుతూ మింగుతూ బండి జోరు తగ్గిస్తుంది. లోపలి మనిషి బతుకుతాడు.

ఇది నోటి మాట మీద ఎవరూ నమ్మరు. ఒక కారులో బొమ్మ మనిషిని కూర్చోబెట్టి, నిజంగా తీసుకొచ్చి గుద్ది చూస్తారు. ఆ పరీక్షలో నెగ్గిన తలకే ప్రభుత్వం అర్హత పత్రం ఇస్తుంది. ఆ పత్రం ఉంటేనే ఆ తలలు పెట్టే రోడ్లకి ప్రభుత్వ నిధులు వస్తాయి. లేకపోతే ఆ సరుకు కొనేవాడే ఉండడు. ఒక షరతు కూడా ఉంది. పత్రం వచ్చాక ఆ తలలో వేలెడు మార్చినా మళ్ళీ మొదటినుంచీ గుద్ది చూపించాలి.

గది బయట బల్ల మీద డ్రైవరు భార్య కూర్చుని ఉంది. నాలుగు రోజులనుంచీ ఆ బల్ల మీదే ఉందట. మందులు తెస్తుంది, నర్సు చేతికిస్తుంది, గుమ్మం మాత్రం దాటదు. జల్లెడ పక్కన కూర్చుంటే ఆమె చేతిలో మందుల సంచీ మడతలు పెడుతూ నెమ్మదిగా అంది.

"ఆయన నిద్రపోయాడని తేలితే మా అమ్మకి మొహం ఎలా చూపించను? నిద్రపోలేదని తేలితే, ఇన్నాళ్ళూ లోపలికి వెళ్ళనందుకు ఆయనకి ఎలా చూపించను? ఏదైనా సరే అక్కా, ముందు నాకు చెప్పండి. పేపర్లో చదివించకండి."

జల్లెడ మాట ఇచ్చింది. ఊరికే మాటలిచ్చే మనిషి కాదు. ఇచ్చాక మాత్రం తనకే భయం వేసింది.

అక్కడినుంచి కొత్త రోడ్డు మీద ప్రమాదం జరిగిన చోటికి వెళ్ళింది. అప్పటికే పాత తల తీసేసి తళతళలాడే కొత్తది బిగించేశారు. పెళ్ళికొడుకులా ఉంది. దాన్ని అడిగితే ఏం చెప్తుంది? కాబట్టి కారు ఇంకాస్త ముందుకి పోనిచ్చి, ఏడాదినుంచీ ఎండకి ఎండి వానకి తడిసిన మరో తల దగ్గర ఆపింది. రేకు బయటికొచ్చే వైపునుంచి గొంతు లోపల ఎలా ఉందో చూద్దామని తన లావుపాటి నల్ల టార్చిని లోపలికి పెట్టబోయింది. పట్టలేదు. అడ్డంగా పెట్టింది, నిలువుగా పెట్టింది, అంచులకి తగిలి ఆగిపోయింది. ఇంకో రెండు తలలు చూసింది. వాటి సంగతీ అంతే.

అప్పుడే ఫోను మోగింది. వాళ్ళక్క. అక్క ఫోను చేసిందంటే ఒక చేత్తో పని చేసుకుంటూ ఒక చెవితో వినచ్చు, మధ్యలో ఊఁ అంటే చాలు. ఈసారి మాత్రం ఊఁ అనడం కూడా ఆపి విన్నది. పాత రోడ్డు వంతెనకి మరమ్మతని ఇవాళ దారి మూసేశారట. అందుకని అక్క కుట్టు పాఠాలు చెప్పే చోటికి కొత్త రోడ్డు మీదే బయల్దేరుతోందట.

"మీ బావకి చెప్పకే, రాద్ధాంతం చేస్తాడు. ఏడాదినుంచీ పాత రోడ్డునే వెళ్ళు, పాత రోడ్డునే వెళ్ళు అని ఒకటే పోరు. ఆ గుంతల్లో నా నడుం విరిగింది. ఎందుకయ్యా అంటే చెట్ల నీడ అంటాడు. ఆ రోడ్డుకి చెట్లెక్కడేడిశాయే?"

జల్లెడ నవ్వింది. జాగ్రత్తగా నడుపు, నెమ్మదిగా వెళ్ళు అంది. ఫోను పెట్టేసిన తర్వాత కాసేపటికి ఆ నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

ఎందుకో చెప్పాలంటే ఈ బావగారి గురించి చెప్పాలి. ఆయనకి ఇస్త్రీ అని పేరు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టినా చొక్కా మీద మడత విరగదు. ఒకప్పుడు ఆయనా జల్లెడా ఒకే శాఖలో, పక్కపక్క బల్లల మీద పనిచేశారు. ఇప్పుడు ఆయన ఆ ఇనుప తలలు తయారుచేసే కంపెనీలో. ఎక్కడ ప్రమాదం జరిగినా కంపెనీ తరఫున ముందు వాలేది ఆయనే.

రోడ్ల శాఖ ఇనుప సామాను యార్డుకి ఆమె చేరేసరికి ఇస్త్రీ అక్కడే ఉన్నాడు. ప్రమాదంలో దెబ్బతిన్నదంటూ ఒక తలని గోనెపట్టా మీద పెట్టారు. పక్కన కేసు చూస్తున్న పోలీసు అధికారి, పంటి నొప్పితో ఒక చెంప పట్టుకుని, ఈ పని ఎప్పుడు తెములుతుందా అన్నట్టు నిలబడ్డాడు.

"రా మరదలా. కొలతలన్నీ అయిపోయాయి. నువ్వు కాఫీ తాగి వెళ్ళిపోవచ్చు" అన్నాడు ఇస్త్రీ.

"కాఫీ మీ ఇంట్లో మా అక్క ఇస్తుంది బావగారూ. ఇక్కడ మీరేం పోస్తారో చూద్దామని వచ్చాను."

అధికారి చెంప మీద చెయ్యి తీయకుండానే సంగతి చెప్పాడు. టేపు పెట్టి ప్రతి భాగమూ కొలిచారట. అర్హత పత్రంతో ఉన్న నమూనా కొలతలతో వెంట్రుకవాసి తేడా లేదట. తల మింగి వదిలిన రేకు చదునుగా, చుట్టలుగా ఊడి పక్కన పడి ఉంది కూడా. అంటే తల తన పని తాను చేసింది. ఇంక తప్పు డ్రైవరుది కాక ఎవరిది?

రేకు ముడుచుకోలేదని, తిన్నగా లోపలికొచ్చిందని డ్రైవరు చెప్తున్నాడని జల్లెడ అంది.

"కాలు పోగొట్టుకున్నవాడికి ఆ క్షణంలో ఏం కనపడుతుంది?" అన్నాడు ఇస్త్రీ. గొంతులో జాలి కూడా నీటుగా మడతపెట్టి ఉంది. "పాపం, తన బామ్మర్దిని తానే చంపుకున్నానని ఎవడు ఒప్పుకుంటాడు?"

జల్లెడ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గోనెపట్టా మీద గొంతుక్కూర్చుంది. తల మొహం మీద తెల్లరంగు రాసుకుని ఉంది. బ్రెడ్డు వ్యాను తెలుపే, బాగానే ఉంది. పక్కకి వంగి, మొహం ఇనుముకి ఆనేటంత దగ్గరగా పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూసింది. రెయిలింగు ఇనుముకి తుప్పు పట్టకుండా తెల్లటి పూత వేస్తారు. కొత్తలో మెరుస్తుంది, ఎండావానా తగిలితే బూడిద రంగుకి తిరుగుతుంది. ఈ తల కూడా అలాగే బూడిదగా ఉంది, ఒక్కచోట తప్ప. పక్క చెంప మీద అరచేయంత గుండ్రటి మచ్చ, చుట్టూ ఉన్నదానికన్నా తెల్లగా ఉంది. ఏళ్ళ తరబడి గోడకున్న ఫోటో తీసేస్తే వెనకాల గోడ అప్పుడే సున్నం వేసినట్టు కనపడదూ, అలాగ. మచ్చ అంచున సన్నటి నల్ల గీత. గోటితో గీకింది. జిగురు. దుమ్ము పట్టిన పాత జిగురు.

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. అలాంటి గుండ్రటి చీటీని ఆమె జీవితంలో ఒక్కచోటే చూసింది. గుద్దుడు పరీక్ష జరిగే మైదానంలో. నాలుగు ముక్కలుగా గీసి, నలుపు పక్కన పసుపు, పసుపు పక్కన నలుపు వేస్తారు. కెమెరాలు దాని కదలికని పట్టుకోవాలని అది అంటిస్తారు. ఈ తల మొదటి పరీక్ష రోజున దళసరి అద్దం వెనకాల ఆమే నిలబడి చూసింది. పక్కన ఈ బావగారే. కారు గుద్దింది, రేకు చుట్టలు చుట్టుకుంది, బొమ్మ మనిషి చెక్కుచెదరలేదు. బావగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టి అక్కడున్న వాళ్ళందరికీ టీ తెప్పించాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ రోజు ఆయన సంతోషంలో కల్తీ లేదు.

"బావగారూ, ఇది రోడ్డు మీద ఉన్నదేనా?"

"మరి ఆకాశంలోంచి ఊడిపడిందా?"

"ఈ మచ్చేమిటి?"

ఆయన వంగి చూశాడు. చూసీ చూడనట్టే చూశాడు. తయారైన చోట ఏదో చీటీ అంటించి ఉంటారని, ఇలాంటివి అన్నిటికీ ఉంటాయని అన్నాడు. పొద్దున తాను మూడు తలలు చూశానని, ఒక్కదానికీ లేదని ఆమె అంది. ఎండకి పోయి ఉంటుందన్నాడు. ఎండకి పోయేదయితే ఇదెందుకు మిగిలిందంది. ఇద్దరి మధ్యా అధికారి మెడ అటూ ఇటూ తిరుగుతోంది. పంటి నొప్పి మరిచిపోయి చెంప మీది చెయ్యి కిందికి దించాడు.

చూశారా, తప్పు ఎక్కడ జరిగిందో. వ్యాను గుద్దిన తలని తప్పించి, దాని బదులు పరీక్షలో నెగ్గిన ఈ తలని ఇక్కడికి మోసుకొచ్చినవాళ్ళు పరీక్ష మైదానం వాళ్ళే. దాని మొహం కడిగారు, పరీక్ష కారు రంగు గీకారు, వ్యాను తెలుపు పూశారు, అన్నీ ఓపిగ్గా చేశారు. చీటీ కూడా పీకారు. పీకినచోట మిగిలిన మచ్చ మాత్రం వాళ్ళ కంటికి ఆనలేదు. వాళ్ళ మైదానంలో తలుపుల మీదా, కార్ల మీదా, ఆఖరికి టిఫిన్ డబ్బాల మీదా అవే చీటీలు, అవే మచ్చలు. పొద్దస్తమానం చూసేదాన్ని ఎవరు చూస్తారు?

జల్లెడ సంచీలోంచి నల్ల టార్చి తీసింది. పొద్దున రోడ్డు మీద మూడు తలల్లో ఇది పట్టలేదని అధికారికి చెప్పి, గోనెపట్టా మీది తల గొంతులో పెట్టి వదిలేసింది. టార్చి ఎక్కడా ఆగకుండా లోపలికి జారి, అటుపక్కన ఠంగుమని పడింది.

అధికారి వంగి టార్చి తీసి ఆమె చేతికిచ్చాడు.

"పత్రంలో కొలత ఇది, సరిపోయింది" అంది జల్లెడ. "రోడ్డు మీద ఉన్నవి వేరు. వాటి గొంతు సన్నం చేశారు. గొంతు సన్నమైతే రేకు మింగుడు పడదు, ఇరుక్కుంటుంది. అప్పుడు బల్లెమవుతుంది. గుద్ది చూపించింది ఒకటి, నిధులు వస్తున్నది ఇంకోదానికి."

ఇస్త్రీ అంత తేలిగ్గా నలిగే రకం కాదు. జేబులోంచి రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. యార్డులో సామాను కలిసిపోయి ఉంటుందన్నాడు. పరీక్ష తల తనంతట తాను నడిచొచ్చి కలిసిందా అని ఆమె అడిగితే, ఎవరు మార్చారో తనకి తెలియదన్నాడు. గొంతు సన్నం చేసిన సంగతి కూడా ఇప్పుడే వింటున్నానన్నాడు. తనకి ముందే తెలుసని ఎవరైనా నిరూపిస్తే కోర్టులో చూసుకుంటానని అధికారి వైపు తిరిగి నవ్వాడు. అధికారి మళ్ళీ చెంప పట్టుకున్నాడు. కేసు కాగితం మీద సంతకం ఆపితే పైవాళ్ళు తినేస్తారు, పెడితే ఈవిడ తినేస్తుంది.

అప్పుడు జల్లెడ లేచి నిలబడి, చేతులు దులుపుకుని, ఏదో ఇంటి సంగతి అడిగినట్టు అడిగింది.

"బావగారూ, పాత రోడ్డుకి చెట్లెక్కడున్నాయి?"

"ఏం చెట్లు?"

"అక్కకి మీరు చెప్పే చెట్లు. ఏడాదినుంచీ దాన్ని ఆ గుంతల్లో తిప్పుతున్నారటగా, నీడ కోసమని. కొత్త రోడ్డుకి ఈ తలలు పెట్టింది కూడా ఏడాది కిందటే."

"దానికీ దీనికీ సంబంధం ఏముంది?"

"ఏమీ లేదు. పాత వంతెన ఇవాళ మూసేశారు. అక్క కొత్త రోడ్డు మీద బయల్దేరింది. మీకు చెప్పద్దంది, నేనే చెప్తున్నాను."

ఆయన మొహంలోంచి నెత్తురు దిగిపోవడం అధికారి కూడా చూశాడు. ఫోను తీసి నొక్కాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ నొక్కాడు. బండి నడిపేటప్పుడు అక్క ఫోను ఎత్తదు, అది చెప్పి నేర్పింది కూడా ఈయనే. మూడోసారీ మోగి ఆగిపోయేసరికి ఆయన వెళ్ళి అధికారి చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

"మీ వాళ్ళకి చెప్పండి సార్. కొత్త రోడ్డు మీద మా ఆవిడ కారు ఆపించండి. ఎక్కడుంటే అక్కడ ఆపించండి."

అధికారి కదలలేదు. మర్యాదగానే అడిగాడు. "ఎందుకండీ? ఆ రోడ్డుకేమైంది?"

గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అనలేదు పెద్దలు. ఇస్త్రీ మెల్లగా ఆ గోనెపట్టా మీదే కూలబడ్డాడు. జిగురూ దుమ్మూ చొక్కాకి అంటుకున్నా చూసుకోలేదు. ఫోను చేతిలో ఉండగానే మోగింది. అక్క గొంతు యార్డంతా వినపడింది. ఇప్పుడే కారు ఆపి చేస్తున్నానని, మూడుసార్లు చేశావు కొంప మునిగిందా అని, తాను చేరాల్సిన చోటికి చేరిపోయానని. ఆయన ఫోను మరదలి చేతికిచ్చేశాడు.

తర్వాత తలొంచుకుని చెప్పాడు, అధికారి రాసుకున్నాడు. ఇనుము కలిసొస్తుందని గొంతు సన్నం చేశారట. మళ్ళీ పరీక్ష పెడితే నెగ్గదని భయపడి, పాత పత్రంతోనే నడిపించారట. తానొచ్చేటప్పటికే అంతా అయిపోయిందని, తెలిసిననాడు నోరు విప్పలేకపోయానని అన్నాడు. ఇంటి మనిషిని మాత్రం పాత రోడ్డుకి మళ్ళించాడు. ఊరివాళ్ళని ఎవరు మళ్ళిస్తారు?

"అసలు తల ఏది బావగారూ? వ్యాను గుద్దినది?"

ఆయన తలెత్తాడు. "కొలిమికి వెళ్ళింది. మధ్యాహ్నం కరిగిస్తారు. నేను చెప్తే తప్ప వాళ్ళు గేటు తీయరు."

అది కరిగిపోతే ఆయన మాట ఒక్కటే మిగులుతుంది. మాట రేపు మారచ్చు. కోర్టులో డ్రైవరు మళ్ళీ నిద్రపోయినవాడే అవుతాడు. అధికారి ఫోన్లో తనవాళ్ళని కొలిమి దగ్గరికి తరుముతూ జీపు కేసి పరుగెత్తాడు. జల్లెడ కారు తలుపు తీసింది. కొలిమి ఉన్నది కొత్త రోడ్డు ఆ చివర. పాత వంతెన మూత. ఉన్నది ఒక్కటే దారి.

ఇస్త్రీ పక్క సీటు దగ్గరికొచ్చి ఆగిపోయాడు. బ్రెడ్డు వ్యానులో బామ్మర్ది కూర్చున్న వైపు అది.

"ఎక్కండి బావగారూ. ఏడాదినుంచీ జనమంతా ఆ పక్కనే కూర్చుని వెళ్తున్నారు" అంది ఆమె. ఆయన ఎక్కాడు. బెల్టు పెట్టుకోవడం మరిచిపోయాడు. ఆమే వంగి పెట్టింది.

కారు కదిలించే ముందు ఒక్క ఫోను చేసింది. ఇచ్చిన మాట.

"నేనమ్మా. మీ ఆయన నిద్రపోలేదు."

అటునుంచి అడుగుల చప్పుడు మాత్రం వినిపించింది, తర్వాత తలుపు తీసిన చప్పుడు, ఆ తర్వాత మంచం దగ్గరికి కుర్చీ లాగిన చప్పుడు. జల్లెడ ఫోను పెట్టేసి కొత్త రోడ్డు ఎక్కింది. ఎదురుగా, ఎండలో మెరుస్తూ, మొదటి రెయిలింగు చివర వస్తోంది.

మీరు దీన్ని మరిచిపోకండి. ఎప్పుడైనా బండిలో పోతూ ఆ ఇనుప తల కనిపిస్తే, అది మింగాల్సింది రేకుని గానీ మనిషిని కాదని పక్కనున్నవాళ్ళకి చెప్పండి. ఇంటి మనిషి దారి మాత్రం మళ్ళించిన బావగారి గురించి చెప్పండి. దారి పొడుగునా ఘోరంగా పాడుతూ బావని మేలుకొలిపి ఉంచిన ఆ కుర్రాడి గురించి కూడా చెప్పండి. అతని పేరున ఇంకేమీ మిగలలేదు.